చింతపండు ధర పడిన ఏడు

మా బజారులో చింతపండు ధర పడాలని కోరుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నెల్లితోపు బజారులో నలభై ఏళ్ళుగా చింతపండు తప్ప వేరే సరుకు ముట్టని చెంగల్రాయన్ ధర పడాలని కోరుకున్నాడంటే నవ్వుతారు. నవ్వకపోతే మతి చలించిందంటారు. ఆ ఏడు అట్లా అన్నవాళ్ళు ఉన్నారు కూడా.

చింతచెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలిసిపోతుంది. కాయని ఏడు పండు కొండ దిగి మా దాకా రాదు. అక్కడివాళ్ళే నాలుగు బుట్టలు కొట్టుకుని, గింజ తీసి, పెద్ద ఊళ్ళ వ్యాపారులకు పంపేస్తారు. కాసిన ఏడు మాత్రం మాసి అనే తమిళ నెలలో, శివరాత్రికి ముందూ వెనకా, లారీలకు లారీలు దిగుతుంది. పెంకుతోనే, గింజతోనే దిగుతుంది. ధర సగానికి పడుతుంది. ఆ పండును ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసి, ఉప్పు చల్లి బస్తాలకెత్తడానికి మనుషులు కావాలి. ఆ మనుషులూ పండు వచ్చిన చోటి నుంచే వస్తారు. పది మంది ఆడవాళ్ళు. మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంటారు. పండు అయిపోయిన నాడు పోతారు.

ఆ పది మందిలో ఒకరు కనగం.

అందుకని ధర పడితే ఆమె వస్తుంది. లేస్తే రాదు. నేను చదివింది మూడో తరగతి. ఈ లెక్కకు అది చాలు.

రెండేళ్ళ కిందట మాసి నెల మొదట్లో అణ్ణామలై లారీ తెచ్చి మా సందు మొగన నిలిపాడు. కొండ దిగువ పల్లెల నుంచి పండు తెచ్చేవాడూ అతడే, వెనకాల వ్యానులో ఆడవాళ్ళను తెచ్చేవాడూ అతడే. ముప్పై ఏళ్ళ పరిచయం.

"ఈ తూరి కొమ్మలిరిగేటట్టు కాసిండాది పెద్దాయనా," అన్నాడు దిగీ దిగకముందే. "కొనేవాడు లేడు. నా నోట్లో మన్నే."

"ఊ," అన్నాను.

"నీకేమి, ఊ అంటావు."

భుజం మీది తువాలు తీసి అతని చేతి మీద కప్పాను. మా బేరం నోటితో జరగదు. తువాలు కింద చేతులు కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, పిడికిలంతా పట్టుకుంటే అయిదు. పదులా, వందలా అన్నది సరుకును బట్టి ఇద్దరికీ తెలుసు. పక్కనున్న వ్యాపారులకు ధర తెలియకూడదని పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. పశువుల సంతల్లో ఇంకా ఉందంటారు. మా బజారులో మిగిలింది మేమిద్దరమే. మిగతావాళ్ళు ఫోను చూసి ధర చెప్పుకుంటారు. నాకు తువాలు నచ్చడానికి కారణం వేరే. మాట్లాడే పని ఉండదు.

అణ్ణామలై నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. కిలో నలభై. నేను మూడు పట్టుకుని నాలుగోది సగానికి మడిచాను. ముప్పై అయిదు. అతను నా ముఖం చూసి, అరచేతిని మెల్లగా గీకాడు. సరేనని.

వ్యాను దిగిన ఆడవాళ్ళు "అన్నా, బాగుండావా" అంటూ ఒక్కొక్కరే కొట్టంలోకి పోయారు. ఒక్కొక్కరి సంచిలోంచి ఒక చెక్క సుత్తి పిడి బయటికి కనిపిస్తుంటుంది. ఎవరి సుత్తి వాళ్ళదే, ఇంకొకరిది పట్టరు. అందరూ నన్ను అన్నా అనే పిలుస్తారు. కనగం ఏమీ పిలవదు. మొదటి ఏటి నుంచీ అంతే. అది నేను గమనించడానికి రెండు కాపులు పట్టింది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. కొండ దిగువ చెంగం పక్క పల్లె. ఇంట్లో మా మాదిరే తెలుగు, వీధిలో తమిళం. భర్త పోయి చాలా ఏళ్ళు. చనిపోయిన తమ్ముడి కూతురు మలర్‌ను సాకుతోంది. ఇవన్నీ అడిగి తెలుసుకున్నవి కావు, పక్కవాళ్ళతో ఆమె చెబుతుంటే విన్నవి. నా భార్య పోయి అప్పటికి పదకొండేళ్ళు. అది ఆమె కూడా అట్లాగే విని ఉంటుంది.

కొట్టంలో తన చోటు చూసుకుని పైకి చూసింది.

"రేకు కొత్తది వేసినట్టుండారే."

"ఊ."

"పోయిన తూరి నా నెత్తిన కారింది ఈడనే గదా."

"ఊ."

"ఆ పక్క రేకులు పాతవే ఉండాయే. అవి కారవా?"

దానికి నేను ఊ కూడా అనలేదు. పోయి గోనెసంచులు దులిపాను.

పండు కొట్టడం చూడనివాళ్ళ కోసం చెబుతాను. ముందర చదునైన రాయి. కుడిచేతిలో సుత్తి, ఎడమచేతిలో పెంకు తీసిన పండు. పండును అంచు మీద నిలిపి ఒక దెబ్బ వేయాలి. గట్టిగా వేస్తే గింజ చితికి రుచి చెడుతుంది. మెత్తగా వేస్తే గింజ కదలదు. కనగం వేస్తే గింజ దానంతటదే లేచి చేటలో పడేది. మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి వెనక వసారాలో నడుం వాలిస్తే పది సుత్తులూ వినపడేవి. ఏది ఆమెదో కళ్ళు మూసుకుని చెప్పగలను.

"అన్న నోట్లో కూడా ఒక గింజ అడ్డం పడిండాది. ఎవురన్నా తీయండే," అంది ఒకామె నేను అటుగా పోతుంటే.

అందరూ నవ్వారు.

"దానికి నా సుత్తి చాలదు," అంది కనగం తల ఎత్తకుండా. "రాయి కొట్టేవాణ్ణి పిలిపించాల."

చింతపండు పులుపు వేళ్ళ కొసలు తినేస్తుంది. సాయంత్రం నువ్వుల నూనె రాసుకోకపోతే మరునాడు ముద్ద కలపలేరు. కొట్టం గూట్లో నూనె సీసా పెట్టడం నా పని. ఆ ఏడు సీసా తొందర తొందరగా అయిపోయింది. ఆమని అడిగింది. ఆమని నా కూతురు. భర్త భానుప్రకాష్‌ది యానాం, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో పని. ఇద్దరు పిల్లలతో నా ఇంట్లోనే ఉంటున్నారు.

"నాయనా, నూనెతో స్నానం చేస్తావుండారా ఏంది వాళ్ళు?"

"పనెక్కువ," అన్నాను.

ఆమని నన్ను ఒక చూపు చూసింది. వాళ్ళమ్మ చూపు. మరునాడు గూట్లో రెండు సీసాలున్నాయి. రెండోది నేను పెట్టింది కాదు.

మాసి పోయి పంగుని నెల సగం దాటేసరికి ధర ఇంకా పడింది. భానుప్రకాష్ అన్నం ముందు కూర్చుని ఫోనులో ధర చదివి వినిపించేవాడు.

"ఇరవై ఎనిమిదంటండి మామయ్యగారూ. మనం ముప్పై అయిదుకి కొన్నామండి."

"ఊ."

"ఉన్నది కొట్టించేసి వచ్చిన ధరకి వదిలించుకుందామండి. ఇంకా పడిపోద్దంటున్నారు. మేడ సంగతి తర్వాత చూసుకుందాం."

మేడ అంటే ఇంటి పైన రెండు గదులు. అల్లుడు ప్లాను గీయించి బీరువాలో పెట్టి అప్పటికి మూడేళ్ళు. ముందరి గదిలో నేను, లోపలి గదిలో వాళ్ళు నలుగురు. పిల్లలు ఎదుగుతున్నారు. అతని తొందరలో తప్పు లేదు.

ఉన్న పండు ఇంకో వారం వస్తుంది. రోజూ సాయంత్రం ఆ గుట్ట పక్కన నిలబడి చూసేవాణ్ణి. వచ్చిన రోజు నా ఛాతీ దాకా ఉండేది. తర్వాత నడుము. మోకాలు దిగిన నాడు అణ్ణామలైకి ఫోను చేసి రమ్మన్నాను.

అమ్ముడుపోని సరుకుతో ఊరి బయట రోడ్డు పక్కన లారీ నిలుపుకుని ఉన్నాడతను. గంటలో వచ్చాడు. తువాలు కింద రెండున్నర వేళ్ళు పట్టుకున్నాడు. ఇరవై అయిదు. నేను బేరమాడకుండా అరచేతిని గీకాను. ఎన్ని బస్తాలని అడుగుతూ ఒక వేలు పట్టుకున్నాడు. పదా అని. నేను అతని పిడికిలంతా పట్టుకుని వదిలి, మళ్ళీ మూడు వేళ్ళు పట్టుకున్నాను. ఎనభై.

అణ్ణామలై తువాలు లాగేశాడు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అట్లా చేయలేదు.

"నోటితో చెప్పు. ఎన్ని?"

"ఎనభై."

"పంగుని అయిపోతావుండాది. చిత్తిరై ఎండకు పండు పాకం మాదిరి కారతాది. పెంకు సరుకు ఇప్పుడు ఎవురూ కొనరు పెద్దాయనా. అమ్మేవాణ్ణి నేనే చెప్తావుండా."

"దించు," అన్నాను.

అతను చెప్పింది నిజం. ధర ఇంకా పడుతుండగా, ఎండ ముదిరేటప్పుడు పెంకు పండు కొనడం మా వ్యాపారంలో కొత్తగా కొట్టు పెట్టినవాడు కూడా చేయని తప్పు. నేను తెలిసి చేశాను. ఎనభై బస్తాలంటే పది మందికి ఇంకో నెలన్నర పని.

భానుప్రకాష్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమనితో, నాకు వినపడేటట్టు అన్నాడు.

"మీ నాన్నగారిని ఓసారి గోరిమేడు పెద్దాసుపత్రిలో చూపించాలేమో."

"చూపిస్తే ఏం చెప్తారో నాకు తెలుసులే," అంది ఆమని. కూర తరుగుతోంది. కత్తిపీట మీంచి చూపు తిప్పలేదు.

గుట్ట మళ్ళీ ఛాతీ దాకా లేవడం కనగం చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంత పండు ఎవురు తింటారు?"

"అమ్ముడుపోతాది."

"ధర లేదంటావుండారే అందురూ."

"లేస్తాది."

"ఎప్పుడు?"

"మీరు పోయినాక," అన్నాను.

వ్యాపారం మాటగానే అన్నాను. ఆమె అట్లా వినలేదు. పోయి రాయి ముందర కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె సుత్తి మిగతా తొమ్మిదింటికంటే నిదానంగా వినపడింది. పండు తొందరగా తరగకూడదని ఆమెకూ ఉందేమో. అడగలేదు.

చిత్తిరైలో ఒక ఆదివారం పని ఆపాము. పండు మరీ జిగురెక్కి సుత్తికి అంటుకుంటోంది. ఆడవాళ్ళు బజారుకు పోయి గిన్నెలు కొనుక్కుంటామన్నారు.

"సముద్రం యాడ?" అంది కనగం.

అప్పుడు తోచింది నాకు. నాలుగు కాపుల నుంచి వస్తోంది. మా ఇంటి నుంచి సముద్రం నడిచిపోయే దూరం. ఒక్కసారి కూడా చూడలేదు. చూపించాలని నాకు తట్టలేదు.

"చూపించుకోని రా నాయనా," అంది ఆమని లోపలి నుంచి.

ఇంకో ఇద్దరు కూడా వచ్చారు. వాళ్ళు రాళ్ళ సందులో నీళ్ళు తగిలే చోటుకి దిగి, చీరలు తడుపుకుని కేరింతలు కొడుతున్నారు. కనగం నల్లరాయి మీద కూర్చుని ఒక అల వచ్చినప్పుడు వంగి చేతులు ముంచింది. వెంటనే తీసేసుకుంది. పగిలిన వేళ్ళకు ఉప్పు తగిలింది.

"మంటగా ఉందా?" అన్నాను.

"ఉండదా?" చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఇంత ఉప్పు ఊరకే పడుండాది. మీరేమో మూటలు మూటలు కొని పండులో చల్లుతారు."

నేను నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. తర్వాత మామూలుగా, ధర అడిగినట్టు అడిగింది.

"నాకేమన్నా చెప్పాలని ఉండాదా?"

ఉంది. ఆరేళ్ళ నుంచి ఉంది.

"గాలి ఎక్కువగా ఉంది," అన్నాను.

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అవును," అంది. "గాలే."

చిత్తిరై పోయి వైకాసి నెల వచ్చిన మొదటి వారంలో ఎనభై బస్తాలూ అయిపోయాయి. గింజ తీసిన పండంతా సేదరపేట్ రోడ్డులో ఉన్న చల్లటి గిడ్డంగికి పంపాను. లేకుంటే ఆ ఎండకు నల్లబడిపోయేది. మరునాడు పొద్దున అణ్ణామలై వ్యాను వచ్చింది. ఆడవాళ్ళు సుత్తులు కడిగి, ఆరబెట్టి, సంచుల్లో పెట్టుకున్నారు. ఆమని అందరికీ బొట్టు పెట్టి పంపుతోంది.

నేను కొట్టంలో రాళ్ళు గోడ వారకు జరుపుతున్నాను. ఆ రోజే జరపవలసిన పని కాదు. కనగం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోయొస్తా," అంది.

"ఊ," అన్నాను.

కదల్లేదు. నేనూ కదల్లేదు. బయట వ్యాను ఇంజను మొదలయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే భుజం మీది తువాలు తీసి నా చేతి మీద కప్పుకుని ఆమె వైపు చాచాను.

"ఏందిది? నన్ను బేరం చేస్తావుండారా?"

"కాదు."

"మరి?"

"నోటితో చెప్పలేను."

చెయ్యి చీరకు తుడుచుకుని తువాలు కింద పెట్టింది. ఎండిన చింతపెంకు మాదిరి గరుకుగా ఉంది ఆ చెయ్యి. నేను వేళ్ళు లెక్కపెట్టలేదు. మొత్తం చెయ్యి పట్టుకున్నాను. మా వ్యాపారంలో అది అయిదు. నేను చెప్పింది అయిదు కాదని ఆమెకు తెలుసు.

తర్వాత తన చెయ్యి విడిపించుకుని, నా వేళ్ళలో రెండింటిని పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"రెండేళ్ళు," అంది, బయటివాళ్ళకు వినపడకుండా. "మలర్ పది ముగించింది. పన్నెండు దాకా ఆడనే చదవాల. నడుమ నేను లేచొచ్చేస్తే మా వాళ్ళు దాన్ని ఎవుడికో ఒకడికి కట్టేస్తారు. నాకు చేసినట్టు. పన్నెండు కానీ."

నేను తలూపాను. ఆమె చెయ్యి తీసుకుని బయటికి నడిచింది. నాలుగు అడుగులు వేసేసరికి రాయి మీద ఉన్న సుత్తి కనిపించింది నాకు.

"సుత్తి మరిచిపోయినావు," అన్నాను.

"మరిచిపోలేదు," అంది తిరిగి చూడకుండా.

తర్వాత జరిగింది బజారంతా చెప్పుకుంటారు. మరుసటి ఏడు చెట్లు అలిసిపోయాయి. పైగా పూత మీద వాన కొట్టింది. మాసి వచ్చినా లారీ రాలేదు. ఉన్న కాస్త పండు ధర నెలకొక మెట్టు ఎక్కి, దీపావళి వచ్చే ఐప్పసి నాటికి మేము ఎన్నడూ చూడని చోటుకు పోయింది. నా బస్తాలు గిడ్డంగిలో చల్లగా ఉన్నాయి. ఆ పండుతో మేడ లేచింది.

ఇంటికి ఎవరొచ్చినా భానుప్రకాష్ నన్ను చూపించి చెప్పేవాడు. "అందరూ అమ్ముకుంటుంటే ఈయన ఒక్కరే కొన్నారండి. మార్కెట్టు మలుపు ముందే పట్టేసేరు. నలభై ఏళ్ళ అనుభవం అంటే అదండీ."

నేను ఏమీ అనేవాణ్ణి కాదు. మౌనం కూడా తెలివి కిందే లెక్కకొచ్చింది. బజారులో కుర్ర వ్యాపారులు నన్ను చూసి లేచి నిలబడడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నాలు వెనక వసారాలో పడుకుంటే ఏమీ వినపడేది కాదు. పక్కింటి మిక్సీ, సందు మొగన టౌను బస్సు హారను. అంతే. సుత్తికి నెలకొకసారి నూనె రాసి కొట్టం గూట్లో పెట్టేవాణ్ణి. చెక్క ఎండిపోతే పగులుతుంది. అల్లుడు కొట్టం పీకించి కారు నిలుపుకోడానికి చోటు చేద్దామన్నాడు. "ఉండనీ," అన్నాను. అందులో కూడా ఏదో వ్యాపారం ఉందనుకుని ఊరుకున్నాడు.

ఆమె దగ్గర ఫోను ఉంది. నా దగ్గరా ఉంది. ఫోనులో మాట్లాడాలి కదా, అదే చిక్కు. పండు రాని ఆ ఏడు పంగునిలో ఒకసారి ఆమె నంబరు నుంచి రెండు మోతలు మోగి ఆగిపోయింది. నేను తిరిగి చేసి రెండు మోతలు మోగించి ఆపాను. ఆ తర్వాత ఒక ఏడాది ఏమీ లేదు.

మేడ మీద ఒక గది పిల్లలకు. రెండో గది అద్దెకిద్దామన్నాడు భానుప్రకాష్. యానాం నుంచి చదువుకోవడానికి వచ్చేవాళ్ళు అడుగుతున్నారట.

"వద్దు. ఎండాకాలం చుట్టాలొస్తారు," అంది ఆమని.

"మనకి ఎండాకాలం వచ్చే చుట్టాలెవరే?"

"ఉండారులే."

నా వైపు చూడకుండా అన్నది. నేను మజ్జిగ పోసుకున్నాను.

ఈ ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెలాఖరులో అణ్ణామలై ఫోను చేశాడు.

"మళ్ళీ కొమ్మలొంగినాయి పెద్దాయనా. ధర పడతాది. ఎందురు మనుషులు కావాల?"

"పది." కాస్త ఆగి అడిగాను. "ఎవరెవరు వస్తారు?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న నేను వేయలేదు.

"ఎవురెక్కితే వాళ్ళు. పేర్లు పిలిచి ఎక్కించుకోడానికి ఇదేమన్నా ఇస్కూలా?"

వ్యాను వచ్చింది. ఒక్కొక్కరే సంచిలో సుత్తితో దిగారు. తొమ్మిది మంది. పదో మనిషి దిగలేదు. డ్రైవరు తలుపు వేసేదాకా నిలబడ్డాను.

"కనగమా?" అంది రెండేళ్ళ కిందట నా నోట్లో గింజ ఉందన్నామె. నేను అడగకుండానే అన్నది. "దాని మేనకోడలికి పన్నెండో తరగతి పరీక్షలు గదా అన్నా. గడప దాటలేదు."

పరీక్షలయ్యాక సంగతి ఆమెకు తెలియదు. నేను అడగలేదు. కొట్టంలో కొత్త రేకు కింద ఒక రాయి ఖాళీగా ఉంది. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎవరూ కూర్చోలేదు కూడా.

పంగుని గడిచింది. గుట్ట ఛాతీ దిగింది, నడుము దిగింది. ఈసారి ఇంకొక చిక్కు వచ్చిపడింది. రెండేళ్ళ కిందట నేను చేసిన తప్పును బజారంతా గుర్తు పెట్టుకుంది. పంగుని ఆఖరు నుంచే అందరూ పెంకు సరుకు కోసం ఎగబడ్డారు. చెంగల్రాయన్ ఎప్పుడు కొన్నాడో అప్పుడే కొనాలని. ఇరవై అయిదుకు కూడా అడిగే దిక్కులేని సరుకు యాభైకి లేచింది.

"చూసేరా మామయ్యగారూ, అంతా మీ దారే పట్టేరు," అన్నాడు భానుప్రకాష్, గర్వంగా.

ధర లేచింది. పండు ఎవరికి దొరికితే వాళ్ళు ఎత్తుకుపోతున్నారు. లారీ రాదు. లారీ రాకపోతే ఎవరూ రారు. అణ్ణామలైకి ఫోను చేశాను.

"యాడ పెద్దాయనా సరుకు? అందురూ నీ మాదిరే మేధావులయిపోయినారు," అన్నాడు. "చూస్తాను. ఒక్క లారీ దొరికితే గొప్ప."

గుట్ట మోకాలు దిగింది. చీలమండ దిగింది. తొమ్మిది మందీ సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను సుత్తికి మళ్ళీ నూనె రాశాను. ఆ నెలలో అది నాలుగోసారి.

చిత్తిరై చివరి శుక్రవారం పొద్దున సందు మొగన లారీ హారను వినపడింది. చెప్పులు వేసుకోకుండా పోయాను. లారీలో సగం కూడా సరుకు లేదు. అణ్ణామలై దిగుతూనే గొణుగుతున్నాడు, ఈ కాస్త పండుకు ముగ్గురు వ్యాపారులు దారిలోనే ఆపారని. ముందర రెండో తలుపు తెరుచుకుంది. పుస్తకాల సంచి తగిలించుకున్న ఒక ఆడపిల్ల దిగింది. చుట్టూ చూసి, పైనుంచి ఇనప పెట్టె అందుకోబోయింది.

"ఉండు మలర్, బరువు," అంటూ కనగం దిగింది.

చేతిలో సంచి లేదు. సుత్తి లేదు.

నన్ను చూసి నెత్తిన కొంగు సర్దుకుంది. జుట్టు రెండేళ్ళ కిందటికంటే తెల్లబడింది.

"ధర లేచిందంటనే," అంది.

"ఊ."

"లేస్తే నేను రాననుకుంటిరా?"

అనుకున్నాను. ఎనిమిదేళ్ళ నుంచీ అదే లెక్క వేశాను. పోయి పెట్టె అందుకున్నాను. బరువుగానే ఉంది. రెండు నెలలకు తెచ్చుకునే సామాను కాదది. మేడ మీద ఆమని కిటికీ తలుపులు తెరుస్తున్న చప్పుడు వినపడింది.

అణ్ణామలై వచ్చి, అలవాటుగా, తువాలు కప్పిన చెయ్యి నా వైపు చాచాడు. చుట్టూ వ్యాపారులు పోగవుతున్నారు, ఈసారి నేను ఎంతకు కొంటానో చూద్దామని.

నా చేతులు రెండూ పెట్టె పట్టుకుని ఉన్నాయి.

"ఎంతైతే అంత," అన్నాను, అందరికీ వినపడేటట్టు.